ఎనిమిది గుర్రాల బండి

సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఆఫీసులు వదిలే వేళ. మట్టి ముంతలో టీ తాగుతుంటే ఖరగ్‌పూర్ కుర్రాడొకడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. వాళ్ల తాతగారు రైల్వే ఉద్యోగానికని శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే.

"బాబాయ్, నన్ను మోసం చేస్తున్నారేమో చూడండి" అన్నాడు.

సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ ప్లస్ బేరం. ఎనిమిది హార్స్‌పవర్ అని అమ్మేవాడు చెప్పాడు. ఆర్‌సీ కార్డులో మాత్రం 5.9 అని ఉంది. మిగతా రెండు గుర్రాలూ ఏమైనట్టు?

ఫోటో పెద్దది చేసి చూపించాను. ఆ గడి పైన బీహెచ్‌పీ, కిలోవాట్ అని రెండు పేర్లున్నాయి, కింద అంకె ఒక్కటే. ఆ 5.9 కిలోవాట్లలో ఉంది. ఒక మెట్రిక్ గుర్రానికి 735.5 వాట్లు, దాంతో భాగిస్తే 8.02. బ్రిటిష్ గుర్రం కాస్త బలిసినది, 745.7 వాట్లు. దాని ప్రకారం 7.91. అందుకే ఒకే బండికి ఒక చోట 8.02 అనీ ఇంకో చోట 7.9 అనీ కనిపిస్తుంది. అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు. అసలు గుర్రపు లెక్క కట్టినవాడూ జేమ్స్ వాటే, వాట్ అన్న కొలతకు పేరిచ్చినవాడూ ఆయనే.

గుర్రం బలమంటే ఎంతో నాకు తెలిసింది మాత్రం ధాన్యం బస్తా వల్ల. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దాన్ని సరిగ్గా ఒక్క సెకనులో ఒక మీటరు పైకి ఎత్తితే అది ఒక మెట్రిక్ హార్స్‌పవర్. కళ్లంలో బస్తాలు మోసిన చేతులకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కండగల మనిషి ఒక్కసారి ఎత్తగలడు. ఆ మరుసటి సెకనుకే ఇంకోటి, ఆపైన మరోటి ఎత్తమంటే నడుం పడిపోతుంది. ఈ వంద సీసీ ఇంజిన్ అలాంటి ఎనిమిది బస్తాల పని సెకను సెకనుకూ చేయగలదు. స్ప్లెండర్‌ని చిన్న బండి అనేవాళ్లు ఒక్కసారి ఆ ఎనిమిది బస్తాల్నీ తలుచుకోవాలి.

అయితే ఎప్పుడు చేయగలదు? కంపెనీ కాగితంలో 5.9 తర్వాత ఇంకో అంకె ఉంటుంది: 8,000 ఆర్పీఎం దగ్గర అని. కొనేవాళ్లలో చాలామంది దాన్ని చదవరు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది. సాల్ట్ లేక్‌లోనే ఉన్న కరుణామయి నుంచి సెక్టర్ ఫైవ్‌కి టాప్ గేర్‌లో నలభై మీద వెళ్తుంటే ఇంజిన్ తిరిగేది సుమారు నాలుగు వేలు. ఆ ఎనిమిది గుర్రాలూ ఎనిమిది వేల దగ్గరే పూర్తిగా లేస్తాయి. చదునైన రోడ్డు మీద నలభైకి మనకి కావలసిందీ రెండు గుర్రాల లోపే. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డుపడుతుంది. వేగం రెట్టింపైతే, గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల పవర్ కావాలి.

తక్కువ ఆర్పీఎంలో బండి ఎలా లాగుతుందో టార్క్ చెబుతుంది. మనవాళ్లు పికప్ అనే మాటలో సగం అదే. న్యూటన్ మీటర్లని ఆర్పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 4,000 దగ్గర 27 న్యూటన్ మీటర్లు. లెక్క వేయండి, పదకొండు కిలోవాట్లు దాటుతుంది. అంటే దాని ఇరవై చిల్లర గుర్రాల్లో పదిహేను నాలుగు వేలకే సిద్ధం. ఆ బండి హడావుడి లేకుండా లాగడానికి కారణం ఇదే.

ఇక ఆర్‌ఎక్స్ 100. 2018లో ఆ పేరుతో తెలుగు సినిమాయే వచ్చింది. ఆ బండికి 98 సీసీలోంచి 7,500 ఆర్పీఎం దగ్గర 11 గుర్రాలు. దాదాపు అంతే సీసీ ఉన్న స్ప్లెండర్‌కి ఎనిమిదే ఎందుకంటే, టూ-స్ట్రోక్ అయిన ఆర్‌ఎక్స్ ప్రతి చుట్టుకీ పేలుతుంది, ఫోర్-స్ట్రోక్ అయిన స్ప్లెండర్ రెండు చుట్లకోసారి. ఆ లెక్కన రెట్టింపు రావాలి కానీ, లోపలికొచ్చిన పెట్రోలు కొంత కాలకుండానే పొగతో వెళ్లిపోతుంది. ఆ పొగే చివరికి దాని తయారీని ఆపించింది.

కుర్రాడికి ఇంకో మాట కూడా చెప్పాను. కంపెనీ అంకె కొత్త ఇంజిన్‌ని టెస్ట్ బెంచి మీద పెట్టి, 25 డిగ్రీల గాలికి సరిచేసి రాసినది. గేర్లు, చైను కొంత తినేశాకే చక్రానికి అందుతుంది. కోల్‌కతా మే నెలలో ముప్పై అయిదు డిగ్రీలంటే గాలి మూడు శాతం పల్చబడి పవర్ కొంత పోతుంది, తేమ ఇంకాస్త లాగేస్తుంది. అరిగిన రింగులుంటే ఎంత పోయిందో ఏ కార్డూ చెప్పదు. పొద్దున చల్లగా ఉన్న ఇంజిన్‌ని కిక్ కొట్టి స్టార్ట్ చెయ్యి, సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తుందేమో చూడు, కూడలిలోని ఐలాండ్ చుట్టూ సెకండ్ గేర్‌లో తిప్పి మెల్లగా రైజ్ చెయ్యి అన్నాను.

ఆదివారం వెళ్లి చూసుకుని కొన్నాడు.

మీ ఆర్‌సీ కూడా ఒకసారి తీయండి. సీసీ పక్కనున్న అంకె మీరు అనుకున్నదాని కంటే తక్కువ కనిపిస్తే కంగారు పడకండి, దాన్ని 1.36తో గుణించండి. తర్వాత బండితో వచ్చిన పుస్తకం తెరిచి, ఆ పవర్ ఎంత ఆర్పీఎం దగ్గరో కూడా చూడండి.