కొరడా క్రింద ఒప్పుకోలు

ఇస్లామీయ న్యాయవ్యవస్థను సమర్థిస్తూ వ్రాసేవారికి ఇమామ్ అబూ యూసుఫ్ (మ. హి.శ. 182, క్రీ.శ. 798) పెట్టని కోట. ఆయన ‘కితాబుల్ ఖరాజ్’ పేరుకు శిస్తు గ్రంథమే. అయినా దొంగలను, ఖైదీలను గురించి అందులో ఉన్న అధ్యాయం శిస్తు లెక్కలకంటె విలువైనది. కేవలం అనుమానంపై మనుషులను అధికారులు రెండు వందలు, మూడు వందలు దెబ్బలు కొట్టిస్తున్నారనీ, ఇది ఎంతమాత్రం ధర్మసమ్మతం కాదనీ ఆయన సాక్షాత్తూ ఖలీఫా హారూన్ రషీద్‌కే వ్రాశారు. తనను ప్రధాన ఖాజీగా నియమించిన ప్రభువుకు వ్రాసిన మాట అది. ఖైదీలు సంకెళ్లతో బజారున పడి బిచ్చమెత్తుకొనే దుస్థితిని మాన్పించి, ఒక్కొక్కరికి నెలకు పది దిర్హముల చొప్పున ఇప్పించమన్నారు. విచారణ లేకుండా చెరలో మ్రగ్గుతున్నవారి సంగతి ఎప్పటికప్పుడు చూడమన్నారు.

ఆకలికో, భయానికో, నిర్బంధానికో గురైన మనిషి తన మీద తానే అబద్ధం చెప్పుకోగలడన్న హజ్రత్ ఉమర్ (రజి) అభిప్రాయాన్ని ఆయన ఉటంకించారు. సిరియాలో ఒక అధికారి దొంగతనం అనుమానంపై ఒకనిని కొట్టించి ఒప్పించాడు. తీర్పు కోసం అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి)ను అడిగితే, దెబ్బల తర్వాత వచ్చిన ఒప్పుకోలుపై చేయి నరకరాదన్నారు. మన వ్యాసకర్తలు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. ఆగటంలోనే ఉన్నది చిక్కు.

రెండున్నర శతాబ్దాల తర్వాత అల్‌మావర్దీ (మ. 450/1058) ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్య’లో నిందితుని విషయంలో ఖాజీ అధికారాన్ని, అమీరు అధికారాన్ని వేరుచేశారు. ఖాజీకి సాక్ష్యమో, స్వచ్ఛందమైన ఒప్పుకోలో కావాలి. అమీరుకు మాత్రం అనుమానం బలంగా ఉంటే నిందితుని బంధించి, నిజం చెప్పించటానికి కొట్టే వీలున్నది. నేరం ఒప్పుకొమ్మని కొడితే ఆ ఒప్పుకోలు చెల్లదు; నిజం చెప్పమని కొడితే, చెప్పగానే దెబ్బలు ఆపి మళ్లీ అడగాలి; రెండవసారి అదే చెబితే చెల్లుతుంది. ‘ఒప్పుకో’, ‘నిజం చెప్పు’ అన్న రెండు మాటల నడుమ తేడా గ్రంథంలో కనబడుతుందేమో గాని, దెబ్బలు తినేవాని వీపుకు తెలియదు. మొదటి దెబ్బల జ్ఞాపకం ఆరకముందే అడిగిన రెండవ ప్రశ్నకు వచ్చే జవాబు స్వచ్ఛందమని ఎవరు చెప్పగలరు?

అబూ యూసుఫ్ గారి సొంత మజ్‌హబ్‌లో కూడా, దొంగతనం విషయంలో బలవంతపు ఒప్పుకోలు చెల్లుతుందని తర్వాతి పండితులలో కొందరు ఫత్వా ఇచ్చినట్లు సరఖ్సీ నమోదు చేశారు. పేరుమోసిన దుర్మార్గులను ప్రమాణం చేయించి వదలివేయటం న్యాయం కాదని ఇబ్నుల్ ఖయ్యిమ్ (మ. 751/1350) వాదించారు. ఈ వాదంలో బలం లేదనలేము. సొమ్ము పోయినవాని గోడు కూడా గోడే. అయితే దానికి జవాబు ముందే ఉన్నది. ప్రజాహితం పేరిట నిందితుని కొట్టవచ్చునన్న వాదాన్ని ‘అల్ ముస్తస్ఫా’లో తూచిన ఇమామ్ గజ్జాలీ (మ. 505/1111), అతడు నిర్దోషి కావచ్చు గనుక, దోషిని కొట్టకుండా వదలటం నిర్దోషిని కొట్టటంకంటె తేలికైన దోషమని తేల్చారు. ప్రజాహితం అనే తక్కెడలో నిందితుడు కూడా ప్రజలలోని వాడే!

ఈ చర్చ బాగ్దాదుతో ముగిసినది కాదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 25, 26 సెక్షన్లు పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును త్రోసిపుచ్చాయి; 27వ సెక్షన్, ఆ మాటల ఆధారంగా వస్తువేదైనా దొరికితే ఆ మేరకు లోనికి రానిచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లో నిషేధమూ, మినహాయింపూ ఒకేచోట చేరాయి. ఖాజీ వాకిట మూసిన తలుపును అమీరు పెరట్లో తెరచినట్లే ఇదీను. కత్తి దొరికిందా అని కోర్టు అడుగుతుంది. చోటు ఎలా చెప్పించారని అడగటం అరుదు.

అబూ యూసుఫ్ ఒక్కరినే చూపి సంతృప్తి చెందే వ్యాసాలు మావర్దీలోని మరొక పుటను కూడా పోగొట్టుకుంటున్నాయి. కొట్టటానికి అనుమతించిన ఆయనే, తాజీర్ శిక్షలో మనిషి ప్రాణం పోతే పరిహార బాధ్యత తప్పదన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) బెదిరింపుకు ఒక గర్భిణికి గర్భస్రావం కాగా, హజ్రత్ అలీ (రజి)తో సంప్రదించి ఆ శిశువుకు దియత్ చెల్లించిన ఉదంతం ఆయనకు ఆధారం. ఆ సొమ్ము పాలకుని బంధువర్గం ఇవ్వాలా, బైతుల్‌మాల్ నుండి ఇవ్వాలా అన్నదే భేదాభిప్రాయం. ఇవ్వాలన్నదానిపై ఆయనకు సందేహం లేదు. హైదరాబాదులో 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకుపోగా నిర్దోషులుగా బయటపడిన యువకులకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.