చిన్నచూపు ఒత్తిడి: ఒక పరిభాషా విమర్శ

స్వలింగ ప్రేమగల యువకుల మనోవ్యథకు కారణము వారి స్వభావమున లేదనియు, సంఘము వారిపై మోపు అదనపు భారమున కలదనియు అమెరికను పండితుడు ఇలాన్ మేయర్ 1995లోను, మరింత విస్తృతముగా 2003లోను ప్రతిపాదించెను. ఈ సిద్ధాంతము నాధారము చేసికొని జాన్ పచాంకిస్ ప్రభృతులు పది సమావేశముల చికిత్స నొకదానిని రూపొందించిరి. పురుషులనో, స్త్రీపురుషుల నిరువురనో ప్రేమించు యువకులు 63 మందితో న్యూయార్కున దానిని పరీక్షించి, విషాదము, మద్యపానము, రక్షణలేని సంభోగము తగ్గెనని 2015లో ప్రకటించిరి. వైద్యుల విషయమునకు తెలుగుశాఖ పత్రికలో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. ఈ చికిత్సలో మందు లేదు, సూది లేదు, ఆసాంతము మాటలే. విజయవాడలో సలహాదారు నెదుట కూర్చున్న యువకునకు ఆ మాటలు తెలుగున నందవలెను. ఆ తెలుగు ఇంకను సిద్ధముగా లేదని మా అభిప్రాయము.

ముందుగా 'చికిత్స' అను మాటనే చూతము. 'జ్వరమునకు మందు' అందుము. 'బిడ్డకు మందు' అనియు నందుము. రోగమునకును రోగికిని విభక్తి యొక్కటియే. కనుక 'స్వలింగ సంపర్కులకు చికిత్స' అను శీర్షికను చదివిన గుడివాడ తండ్రి, అది తన కుమారుని స్వభావమును మార్చు వైద్యమని గ్రహించిన నాయనను తప్పు పట్టలేము. వ్యాకరణ మాయన పక్షముననే యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను రోగముల పట్టికనుండి తొలగించినది. అట్టి మార్పిడి వైద్యమును నిషేధింపవలెనని మద్రాసు హైకోర్టు 2021లో ఆదేశింపగా, జాతీయ వైద్య కమిషను 2022లో దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించినది. ఇన్నిటిని ఒక్క 'కు' ప్రత్యయము వమ్ము చేయగలదు. 'చిన్నచూపువలన కలిగిన క్షోభకు చికిత్స' యనుట దీర్ఘమైనను క్షేమము.

'సంపర్కము' అను మాటయు నట్టిదే. అది మనిషిని క్రియకు కుదించును. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను క్రియనే చూచినది. వయోజనుల సమ్మతిగల సంబంధములను సుప్రీంకోర్టు దాని పరిధినుండి తప్పించినది 2018లో మాత్రమే. 2003లో వచ్చిన ఆవాహన్ మొదలైన హెచ్.ఐ.వి. నివారణ పథకములును 'పురుషులతో సంభోగించు పురుషులు' అను వర్గమునే లెక్కించినవి. నివారణ పట్టికకు ఆ పేరు చాలును. పెండ్లిచూపులకు రమ్మని యింటినుండి ఫోను వచ్చిన యువకుని దుఃఖమునకు చాలదు.

ఇక అసలు పేరు. 'మైనారిటీ స్ట్రెస్' అన్నచో మన ప్రాంతమున మతమే స్ఫురించును. 'అల్పసంఖ్యాక పీడనము' అన్నచో అర్థము చెడదు గాని, ఎవరి నోటను పలుకదు. మేము 'చిన్నచూపు ఒత్తిడి' యని సూచించుచున్నాము. చిన్నచూపు చూచువాని కంటిలో నుండును గాని చూడబడినవానిలో నుండదు. మేయరు సిద్ధాంతసారమంతయు నిందే యిమిడియున్నది. 'స్టిగ్మా'కు కొందరు వాడు 'కళంకము' దీనికి విరుద్ధము. చంద్రుని మచ్చవలె అది ధరించినవాని సొత్తగును. 'ముద్ర' మేలు, ముద్ర వేసినవాడొక డుండక తప్పదు గదా! తిరస్కారమును ముందే యూహించి కుములుటకు 'నలుగురేమనుకొందురో' అను నానుడికన్న మంచిమాట మాకు తోచలేదు. చిన్నచూపునకును ఒక కొరత కలదు. కొట్టుటను, ఇంటినుండి గెంటుటను అది చెప్పజాలదు. వానిని హింస యనియే యనవలెను.

ఈ చికిత్స తిరుగులేనిదని మేము చెప్పుట లేదు. 2015 నాటి పరీక్షలో దానిని పోల్చినది చికిత్సకై వేచియున్న వారితోనే. న్యూయార్కు, మయామీ నగరములలో 254 మందితో జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో, హెచ్.ఐ.వి. సోకు ప్రమాదమును తగ్గించుటయను ప్రధాన ఫలితమున అది స్పష్టమైన ఆధిక్యము చూపలేదు.

మరొక చిక్కు కలదు. తన్ను దాచికొనుట ఆ సిద్ధాంతమున నొక భారము. దానిని 'దాపరికము' అని తెనిగించినచో నింద ధ్వనించును. 'మన మధ్య దాపరికములా?' అని నిష్ఠూరమాడుట మన వాడుక. కాలేజీ ఫీజు, భోజనము తండ్రి చేతిలోనున్న డెల్టా విద్యార్థికి దాచికొనుట నేరము కాదు, రక్షణ. దానికి మనకు 'గుట్టు' అను గౌరవమైన మాట యున్నది. 'ఎందుకు దాచితివి?' అను ప్రశ్నకు ఆ యువకుడు తల వంచును. 'ఈ గుట్టు నీకెంత బరువుగా నున్నది, బాబూ?' అన్నచో బదులు చెప్పవచ్చును.