రెండు తెరల అవధానం

సినిమా నడుస్తుండగా ఫోన్లు బయటికి తీయమని మాస్టారే చెప్పే క్లాసు ఒకటి ఉందంటే మా తరం వాళ్ళు నమ్మరు. సిడ్నీలో మీడియా చదువుకున్న మన తెలుగమ్మాయి ఒక సెమిస్టరంతా చేసింది అదే. ఎదురుగా తెర మీద సైన్స్ ఫిక్షన్ సినిమా, చేతిలో ట్విట్టర్, తరగతి మొత్తానికీ ఒకే హ్యాష్‌ట్యాగ్. చూస్తూనే రాయాలి, పక్కవాళ్ళు రాసింది చదవాలి, జవాబివ్వాలి, కథ మాత్రం చేజారకూడదు. ఆ తర్వాత తన ట్వీట్లన్నీ ముందేసుకుని, ఏ సన్నివేశం దగ్గర ఏం రాశాను, అది రాస్తూ తెర మీద ఏం పోగొట్టుకున్నాను అని లెక్క తీసింది. ఈ వ్యాసాలు ఆ లెక్కే. చమత్కారపు ట్వీట్లు ఏరి కట్టగట్టిన పుస్తకమే అయితే దీనికి పీఠిక అక్కర్లేదు.

చదువుతున్నంతసేపూ నాకు అష్టావధానమే మనసులో మెదిలింది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో పట్టి లాగుతారు. ఈలోగా అప్రస్తుత ప్రసంగి లేచి పొద్దున తిన్న పెసరట్టు సంగతి అడుగుతాడు. సభ నవ్వుతుంది. అవధాని ఆయనకు జవాబు చెప్పి, వదిలేసిన పాదం దగ్గరికే తిరిగొస్తాడు. ఈ క్లాసులో తొలి వారాల్లో అందరూ అప్రస్తుత ప్రసంగులే. ధారణ ఎవరికీ లేదు. రచయిత్రి తన తొలి ట్వీట్లను దిద్దకుండా అచ్చువేసి, ఇవి బాగాలేవని వాటి కిందే రాసుకుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మలుపు ‘మెట్రోపాలిస్’ దగ్గర వస్తుంది. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ఈ మూకీ 1927లో బెర్లిన్‌లో విడుదలయ్యాక నాలుగో వంతు దాకా కత్తిరింపుల్లో పోయింది. పోయిందనుకున్న భాగంలో చాలామట్టుకు 2008లో బ్యూనస్ ఎయిర్స్ సినిమా మ్యూజియంలో బయటపడి, 2010 ప్రతిలో చేరింది. దొరికింది 16 ఎం.ఎం. నకలు కాబట్టి ఆ ముక్కల నిండా గీతలే, బొమ్మ చట్రం కూడా తేడాగా ఉంటుంది. ఈ అమ్మాయి ముందురోజే ఇదంతా చదివి, గీతలు కనబడ్డచోటల్లా అది అర్జెంటీనా నుంచి తిరిగొచ్చిన ముక్క అని ఒక్క ట్వీటు పెట్టింది. అంతవరకు మీమ్‌లు విసురుకుంటున్న క్లాసంతా ఆ ముక్కల వేటలో పడింది. ఇన్ని దశాబ్దాలు ఏ సన్నివేశం లేకుండా ఈ కథ నడిచిందో, అది లేకపోతే ఎవరి పాత్ర చిక్కిపోయిందో వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. కలిసి చూడటం అంటే ఇదీ!

‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అధ్యాయం పుస్తకానికి గుండెకాయ. కూబ్రిక్ 1968 నాటి ఈ సినిమాలో మొదటి పాతిక నిమిషాల్లో ఒక్క మాట వినబడదు. నడిమధ్యలో ఇద్దరు వ్యోమగాములు హాల్ అనే కంప్యూటర్‌కు వినబడకూడదని చిన్న పాడ్‌లోకి దూరి గుసగుసలాడతారు. అది కిటికీ లోంచి వాళ్ళ పెదవులు చదివేస్తుంది. అక్కడ చప్పుడు లేదు, కనుక తల వంచి టైపు చేస్తున్నవాళ్ళకు ఏదో జరిగిందన్న హెచ్చరిక కూడా అందదు. ఎవరికో జవాబు రాస్తూ ఈమె సరిగ్గా దాన్నే పోగొట్టుకుంది. ఇంటికెళ్ళి మళ్ళీ చూసింది. చెవితో చూసే సినిమాలకు ట్వీటు సరిపోతుందని, కంటితో వినే సినిమాలకు చాలదని ఆమె చేసిన తీర్మానం విమర్శకులు పట్టించుకోదగ్గది.

‘బ్లేడ్ రన్నర్’ నాటి క్లాసు మీద ఆమె కోపం కూడా సబబే. 1982లో వచ్చిన ఆ సినిమా కథ 2019 నవంబరు నాటి లాస్ ఏంజెలిస్‌లో జరుగుతుంది. ఆ తేదీ దాటిపోయాక చూసిన క్లాసు, ఎగిరే కార్లు రాలేదు, ఫోను బూత్‌లేమో పోయాయి అని జోస్యం తప్పులెంచుతూ కూర్చుంది. ‘మ్యాట్రిక్స్’ నాడు అయితే ఎర్ర గౌను పిల్ల నడిచిన వీధి మన సిడ్నీ మార్టిన్ ప్లేసేగా అన్న కేకలే సగం. సొంతూరిని తెర మీద చూసుకున్న సంబరం ఎవరికుండదు, పోనివ్వండి.

ఒక్కచోట నేను ఒప్పుకోను. ఇది సరికొత్త వీక్షణ పద్ధతి అంటుంది రచయిత్రి. జపాన్‌లో మూకీల కాలంలో బెన్షీలు తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు. మన టూరింగ్ టాకీసుల్లో నేల టిక్కెట్టు జనం విలన్‌ను నోరారా తిట్టేవారు. తెరతో మాట్లాడటం పాతదే. ఆ మాటలు చెరిగిపోకుండా మిగలడం కొత్త, మిగిలినవాటిని ఇలా నిలదీసి చదవడం ఇంకా కొత్త. 280 అక్షరాల్లో సరిపెట్టుకున్న అలవాటో ఏమో, ఆమె వాక్యంలో ఎక్కడా నీళ్ళు కలవలేదు.

చివరి అధ్యాయంలో సింగీతం వారి ‘ఆదిత్య 369’ (1991) ను తన గదిలోని తెలుగు స్నేహితులతో కూర్చుని ఇదే పద్ధతిలో చూసింది. రాయల సభ దగ్గర ఒక్కరూ ఫోను ముట్టలేదట, భవిష్యత్తులోకి వెళ్ళగానే అందరూ అందుకున్నారట. ఎందుకలా జరిగిందో ఆమె రెండు పేజీలు రాసింది, నాకింకా కావాలనిపించింది. రెండో ముద్రణలో కనీసం ఈ అధ్యాయంలోనైనా ప్రతి ట్వీటు పక్కన సినిమా ఎన్నో నిమిషంలో ఉందో వేయమ్మా. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేనూ మీతోపాటు చూస్తాను.