దోసముక్కలకు ఆవ

చైత్రం ముదిరితే బరంపురంలో మధ్యాహ్నం పూట వేడి అన్నం ముద్ద దిగదు. మా పక్కింటి ఒడియా వాళ్లు పఖాళ, అంటే నీళ్లలో నానిన అన్నం, వడ్డించుకుంటారు, మేం చద్దన్నంలో మజ్జిగ పోసుకుంటాం. రెండిళ్లలోనూ కంచం పక్కన లేత కీరదోస ముక్కల గిన్నె ఉంటుంది. ఈమధ్య పిల్లలు దాన్ని సలాడ్ అంటున్నారు. ఏ పేరైనా సరే, నాకు ఆ గిన్నె ఒక కావ్యం.

రసమంటే ఏమిటో చెప్పడానికి నాట్యశాస్త్రకారుడు భరతుడు పోలిక తెచ్చుకున్నది భోజనం నుంచే. కాబట్టి దోసముక్కల్లో రసవిచారం చేస్తే తప్పేం కాదు.

ముందు ఆవ సంగతి. ఎండు ఆవగింజను ముక్కు దగ్గర పెట్టుకోండి, ఏమీ ఉండదు. ఘాటు గింజలో సిద్ధంగా లేదు. విడివిడిగా దాగిన రెండు పదార్థాలు, గింజ నలిగి తడి తగిలినప్పుడు కలుసుకుంటేనే పుడుతుంది. అందుకే మా అత్త చన్నీళ్లతోనే నూరేది. వేడినీళ్లు తగిలితే ఆ పుట్టుక ఆగిపోతుంది. రెండు చెంచాల ఆవాలు, ఒక పచ్చిమిర్చి. రాయి మీద పసుపుపచ్చని ముద్ద మెత్తబడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. నూరాక అయిదారు నిమిషాలు ఊరికే వదిలేసేది. ఘాటు ఎదిగాకే నిమ్మరసం. పులుపు పడితే ఆ ఘాటు త్వరగా చెదిరిపోదు. ఆవిడ ఏ రసాయన శాస్త్రమూ చదవలేదు, చేతికి తెలుసు.

ఆ ముద్దను గట్టి పెరుగులో కలిపి ముక్కల మీద వేస్తే సగం పని అయినట్టు. మిగతా సగం పోపు. నువ్వులనూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. ఆవాలు చిటపటమని ఆగగానే దించి, చుయ్యిమనేలా గిన్నెలోకి వంపాలి. ఇక్కడే నాకు ఒళ్లు పులకరిస్తుంది. నూరిన ఆవ ముక్కులోకెక్కి నషాళానికి అంటుతుంది. పోపులో వేగిన ఆవ ఆ ఉగ్రత పోగొట్టుకుని కమ్మగా పంటికింద చిట్లుతుంది. ఒకే గింజ, ఒకే గిన్నెలో, రౌద్రమూ శాంతమూ అభినయిస్తోంది! ఇంత పొదుపుగా ఇంత వైవిధ్యం సాధించిన వంటకం మరొకటి నేను ఎరగను.

ఇక ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేయడం. ఆవను ఎక్కువ వేస్తే అది వాచ్యమైపోయి చేదెక్కుతుంది. తగుమాత్రం వేస్తే మొదట దోస చల్లదనమే తెలుస్తుంది. ముక్క మింగాక, ఒక్క క్షణం ఆలస్యంగా, ముక్కుపుటాల్లో ఆవ పలుకుతుంది. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి నేను నోటితో ఎరిగిన ఉదాహరణ ఇదే.

పక్కింటి వాళ్లు పోపు పెట్టరు, పచ్చి ఆవనూనె నాలుగు చుక్కలు చల్లుతారు. అదీ గొప్ప రుచే, కాస్త మోటుగా, సూటిగా ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మా బరంపురం ఉన్న గంజాం మద్రాసు రాజధానిలోదే. అప్పటినుంచీ ఇప్పటికీ ఒకే వీధిలో రెండు పద్ధతులూ గోడ మీదుగా గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నాయి. శ్రీరామనవమికి మేం వడపప్పులో పచ్చిమామిడి కోరు, కొబ్బరి కోరు కలిపి పంపితే వాళ్ల పిల్లలు గిన్నె నాకేస్తారు.

సీసాల్లో అమ్మే డ్రెస్సింగులూ రుచి చూశాను. చిక్కగా, తియ్యగా, ఏ కూరగాయ మీద పోసినా ఒకటే రుచి. కీరదోస ఎక్కడుందో వెతుక్కోవాలి. మన ఆవపెరుగు ముక్కను కప్పదు, దాని నోట మాట పలికిస్తుంది.

సలాడ్ అనే మాటకు మూలం లాటిన్‌లో ఉప్పేనట. మన గిన్నెలో మాత్రం ఉప్పు అన్నిటికన్నా చివర రావాలి. ఉప్పు తగిలిన పావుగంటకే దోస నీరు వదులుతుంది, పెరుగు పలచబడుతుంది, కరకర పోతుంది. కాబట్టి చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ముక్కలు కోసి, ఆవ నూరి, పోపు సామాను సిద్ధంగా ఉంచుకోండి. అందరూ పీటల మీద కూర్చున్నాకే ఉప్పు వేసి కలపండి.