కంద తినేది మందుకా?

మొలలకు కంద దివ్యౌషధం, రోజూ పరగడుపున పచ్చి కంద రసం తాగండి అంటూ ఈ వారం కాలమిస్టు ఫోన్‌కి ఓ వాట్సాప్ సందేశం వచ్చింది. పచ్చి కందా! అది రాసినవాడు జన్మలో కంద తరిగి ఉండడు.

మందన్న మాట అబద్ధమేం కాదు. దుంపకూరలన్నిటిలోకీ కందే శ్రేష్ఠమనీ, అర్శస్సుకు, అంటే మొలలకు, పథ్యమనీ ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం చెప్పింది. తామర, కుష్ఠు, రక్తపిత్తం ఉన్నవాళ్లకి పనికిరాదనీ అక్కడే చెప్పింది. ఆ రెండో ముక్క ఫార్వర్డుల్లోకి ఎక్కదు. ఇంకో వైద్యగ్రంథం చక్రదత్తంలోని మందయితే అచ్చంగా వంటే. దుంపకి మట్టి మెత్తి, నిప్పుల్లో కాల్చి, నూనే ఉప్పూ వేసుకుని తినమంటుంది.

పోపులపెట్టే మందులపెట్టె అన్నది ఈ కాలమ్ పాత పాట. పాఠకులు విని విని విసిగిపోయినదే. దానికి కాలమిస్టు ఎప్పుడూ పిలిచే సాక్షి కోనసీమ బామ్మ. కార్తీకమాసంలో వనభోజనాల రోజు ఆవిడ చేతులకి నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చునేది. "తడి చేత్తో ముట్టుకోకురా, రాత్రంతా గోక్కుంటావు" అని పిల్లల్ని అదిలించేది. తొక్క మందంగా చెక్కి, ముక్కల్ని బచ్చలితో ఉడికించి, చింతపండు పులుసు పోసి మెదిపేది. ఇంగువ, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో పోపు. నూరిన ఆవ మాత్రం కూర దించాకే. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, దురద వాటివల్లే. దానికి విరుగుడుగానే చింతపండు. (కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు కంద జోలికి పోకపోవడం మంచిది.)

చూశారా, ప్రతి దినుసు వెనకా వైద్యమే అని ఇక్కడ ముగిస్తే కాలమిస్టుకి హాయిగా ఉండేది. గజేంద్ర అడ్డొచ్చింది. కొవ్వూరు నుంచి వచ్చిన ఈ కంద రకం ఇప్పుడు ఇతర రాష్ట్రాల్లోనూ పండుతోంది. దురద దాదాపు లేదు. కందకు లేని దురద అన్న సామెత అక్షరాలా నిజమైపోయింది!

మరి విరుగుడుతో పనేముంది? చింతపండు మానెయ్యొచ్చు. కానీ గోదావరి జిల్లాల పెళ్లిలో పులుపూ ఆవా లేని కందబచ్చలి వడ్డించి చూడండి, మగపెళ్లివారు విస్తరి ముందునుంచి లేచిపోతారు. పాత పాటకి కంద సాక్ష్యం చెప్పనంటోంది. ఆ మాటకొస్తే బామ్మ కూడా మొలల ఊసు ఎన్నడూ ఎత్తలేదు. ఆవఘాటు ముక్కుకి తగిలిందా లేదా అనే అడిగేది.