‘అని’ దగ్గర ఆగే చెయ్యి

రాత్రి తొమ్మిదింటికి మండల విలేకరి నుంచి జిల్లా డెస్కుకు ఇలాంటి కాపీ ఒకటి వస్తుంది: ‘కిరాణా కొట్లో చోరీకి పాల్పడిన దొంగను పోలీసులు అరెస్టు చేశారు.’ చదవడానికి ఏ లోపమూ లేదు. చెయ్యి తిరిగిన సబ్ ఎడిటర్ మాత్రం ‘పాల్పడిన’ దగ్గర ఆగిపోతారు. పాల్పడ్డాడని తేల్చిందెవరు? కోర్టయితే కాదు. వాక్యం మారుతుంది: ‘కిరాణా కొట్లో చోరీ కేసులో ఒకరిని పోలీసులు అరెస్టు చేశారు.’ దొంగ పోయి కేసు వచ్చింది.

తర్వాతి వాక్యం ఇంకా చిక్కు. ‘అతడు రేకు విప్పి, లోపలికి దిగి, గల్లాపెట్టె పగలగొట్టి, నగదుతో పారిపోయాడని ఎస్సై తెలిపారు.’ తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది. ఎస్సై వచ్చేలోపే పాఠకుడు దొంగతనమంతా కళ్లారా చూసేస్తాడు. పైగా పేజీలో చోటు చాలకపోతే కోత పడేది తోకకే. అందుకే ‘పోలీసుల కథనం ప్రకారం’ అని ముందే కడతారు. ఆ కట్టు ఒక్క వాక్యానికే సరిపోతుంది. కింది వాక్యంలో ఒక్క ‘అని’ ఊడితే, పోలీసుల మాట పత్రిక మాటైపోతుంది.

క్రియల తూకం మరీ సున్నితం. ‘చెప్పారు’ ఎటూ మొగ్గదు. ‘వెల్లడించారు’ అంటే దాగిన నిజం బయటపడ్డట్టే. ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్నింటికన్నా ప్రమాదం. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో అది 23వ సెక్షన్‌లో ఉంది. డెస్కు చేసే మరమ్మతు చిన్నదే: ‘ఒప్పుకున్నట్లు పోలీసులు చెప్పారు.’ ఆ ‘నట్లు’లో ఎంత న్యాయశాస్త్రం ఇమిడిందో!

గౌరవవాచకాల దగ్గర మాత్రం మన పత్రికలు ఇంకా తడబడుతూనే ఉన్నాయి. ఎస్సై ‘చెప్పారు’, నిందితుడు ‘పారిపోయాడు’. తీర్పు రాకముందే క్రియ చివరి ప్రత్యయం శిక్ష వేసేస్తుంది. ‘ఒకరు’ అనే మాట ఉండబట్టి కొంత నయం.

ఇంతా చేశాక కాపీ చివరి లైనులో ‘వయసు 17’ అని కనబడుతుంది. పని మళ్లీ మొదటికి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పేరు, చిరునామా, బడి ఏవీ రాకూడదు. పేరు తీసేస్తే చాలదు. చిన్న పల్లెలో ‘టైలర్ కొడుకు, ఇంటర్ విద్యార్థి’ అంటే ఊరంతా పోల్చుకుంటుంది. తండ్రి వృత్తి పోయింది, చదువు పోయింది, ఊరు పోయి మండలం మిగిలింది. ‘అరెస్టు’ కూడా పోయింది. చివరికి అచ్చయ్యేది: ‘కిరాణా కొట్లో చోరీ కేసులో ఒక బాలుణ్ని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.’