అసలైన దొంగనోటు

“గ్యారంటీ సార్. ఒరిజినల్ దొంగనోటు.”

నాణేల ఎగ్జిబిషన్‌లో ఒకాయన ప్లాస్టిక్ కవర్లోంచి తెల్లటి అయిదు పౌండ్ల నోటు తీసి చూపిస్తూ అన్నమాట ఇది. చెల్లని నోట్లు పోగేయడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న పిచ్చి. ఉస్మానియా సిక్కా నోట్లతో మొదలైంది. ఈ లోకంలో దొంగనోటు కూడా తాను అసలైన దొంగనోటునే అని రుజువు చూపించుకోవాలి. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. ఆ రోజు నేనూ నవ్వాను. ధర మా ఇంటి అద్దెంత చెప్పాడు. ఆలోచించుకుంటానని వచ్చేసి, ఆ రాత్రి ‘ది కౌంటర్‌ఫీటర్స్’ మళ్ళీ చూశాను.

స్టెఫాన్ రుజోవిట్స్కీ 2007లో తీసిన ఆస్ట్రియన్ సినిమా ఇది. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. కథ ఆ నోటుదే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌ని ఆర్థికంగా దెబ్బకొట్టాలని నాజీలు బెర్లిన్ దగ్గర సాక్సెన్‌హౌసెన్ క్యాంపులో యూదు ఖైదీల చేత పౌండ్లు అచ్చేయించారు. ఆ పని నడిపిన ఎస్సెస్ అధికారి బెర్న్‌హార్డ్ క్రూగర్ పేరుతో దాన్ని ఆపరేషన్ బెర్న్‌హార్డ్ అంటారు. దాదాపు 90 లక్షల నోట్లు, 13 కోట్ల పౌండ్ల పైచిలుకు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పది పౌండ్లు, ఆపై నోట్లని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పది పౌండ్ల నోటు మళ్ళీ కనబడింది 1964లోనే.

సినిమాలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. సోరోవిచ్ (కార్ల్ మార్కోవిక్స్) చేయి తిరిగిన ఫోర్జరీగాడు. బతకాలి, తనతో ఉన్నవాళ్ళని బతికించాలి, అంతే. బుర్గర్ (ఆగస్ట్ డీల్) ప్రింటర్. మనం బాగా అచ్చేసే ప్రతి నోటూ ఈ యుద్ధాన్ని ఇంకో రోజు నడుపుతుందని అతని బాధ. అందుకే డాలర్ పనిని కావాలని చెడగొడుతుంటాడు. ఆలస్యమైతే పక్కవాడిని కాల్చేస్తారు. ఎవరిది తప్పు? సినిమా తీర్పు చెప్పదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మొదటిసారి చూసినప్పుడు మాత్రం నేను ఇవేవీ పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. నా కళ్ళు కాగితం మీద, వాటర్‌మార్క్ మీద ఉన్నాయి. నోట్లు పరీక్షలో నెగ్గాయని తెలిసి ఖైదీలు సంబరపడుతుంటే నేనూ లోలోపల చప్పట్లు కొట్టాను. పనితనం గెలిస్తే ఎవరికి సంతోషం ఉండదు! ఆ తర్వాత వాళ్ళకి పింగ్‌పాంగ్ బల్ల బహుమతిగా వస్తుంది. వీళ్ళు ఆడుకుంటుంటే గోడ అవతల మనిషిని చంపుతున్న చప్పుడు. ఈసారి అక్కడ సినిమా ఆపేసి కాసేపు కూర్చున్నాను.

ఫిర్యాదులూ ఉన్నాయి. మోంటే కార్లో క్యాసినోలో మొదలై అక్కడే ముగియడం వల్ల సోరోవిచ్ ఒంటరి హీరో అయిపోతాడు. నూటనలభై మంది దాకా ఉన్న ఖైదీల్లో చాలామంది వెనక గోడలా మిగిలిపోతారు. విడుదల సాక్సెన్‌హౌసెన్‌లోనే జరిగినట్టు చూపించారు. నిజానికి వాళ్ళని ఆస్ట్రియాకి తరలించారు, 1945 మేలో ఎబెన్‌సీ క్యాంపులో బయటపడ్డారు. కథకి బిగువు కోసం చేసిన మార్పే అయినా, ఆ చివరి వారాల భయం పోయింది. అసలు బుర్గర్ స్లొవేకియా మనిషి. యూదుల్ని కాపాడటానికి దొంగ బాప్టిజం సర్టిఫికెట్లు అచ్చేసినందుకే అరెస్టయ్యాడు. భార్య ఆష్‌విట్జ్‌లో చనిపోయింది. ఈ సినిమాకి ఆధారం అతని జ్ఞాపకాలే. ఒక మనిషి ప్రాణాలు నిలబెట్టడానికి ఒక నకిలీ చేశాడు, తన ప్రాణం నిలుపుకోవడానికి ఇంకో నకిలీ. ఈ సంగతి దగ్గర సినిమా ఇంకాసేపు ఆగితే బాగుండేది.

మేం కలెక్టర్లం నోటు ‘కండిషన్’ చూస్తాం. మడతలెన్ని, మరకలెన్ని, గుండుసూది రంధ్రాలున్నాయా. మామూలు పాత నోటు మీద మడతంటే ఏదో కూరగాయల బేరం, ఎవరిదో జీతం. బెర్న్‌హార్డ్ నోటు మీద మడత అలాంటిది కాదు. కొత్త నోట్లని పాతవిగా కనబడేలా చెయ్యడానికి ఖైదీలు వరసల్లో నిలబడి చేతులు మార్చుకుంటూ నలిపేవాళ్ళు, సూదులు గుచ్చేవాళ్ళు. నోటు దొంగది. దానికంటిన చెమట కాదు.

చివరికి కొన్నాను. వద్దనుకోవడానికి ఒక కారణం దొరికితే బాగుండనిపించింది, దొరకలేదు. నా ఆల్బంలో ప్రతి నోటు కిందా దేశం, సంవత్సరం, సంతకం చేసినవాళ్ళ పేరు రాసుకుంటాను. ఈ నోటు మీదున్న సంతకం బ్యాంక్ చీఫ్ క్యాషియర్ పెప్పియాట్‌ది. కానీ ఆయన పెట్టింది కాదుగా. దేశం అన్నచోట బ్రిటన్ అని రాయబోయి కొట్టేశాను. ‘సాక్సెన్‌హౌసెన్, 18, 19 బ్యారక్‌లు’ అని రాశాను. పేరు అన్నచోట ఎవరిదని రాయను?